ప్రతి రోగి కార్డులో ఒకే ముఖం

మా చిన్నత్త నిద్రలోనే పోయిందని మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. నేను కల్యాణ్ నుంచి బస్సులో భివండి చేరేసరికి ఆమెను ఇంటి ముందు పడుకోబెట్టారు. ఆమె పనిచేసిన దవాఖాన ట్రస్టు అధ్యక్షుడు అప్పటికే వచ్చి ఉన్నాడు. దండ వేసి, నలుగురికీ వినపడేటట్టు అన్నాడు: "ఈమెకు కంప్యూటర్ నేర్పించింది నేనే. సొంత చెల్లె లెక్క చూసుకున్న." నేను నోరు తెరవబోయాను. శవం ముందు గొడవెందుకని మా బాపు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆ రోజు మింగిన మాటలే ఇప్పుడు రాస్తున్నాను.

చిన్నత్త మా బాపుకు చెల్లెలు. మరాఠీ బడిలో పదో తరగతి దాకా చదివింది. ధామన్కర్ నాకా దగ్గర ఒక గల్లీలో, సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే మన తెలుగువాళ్ల కోసం పెట్టిన చిన్న టీబీ దవాఖానలో రికార్డులు రాసేది. ఎవరికి ఏ మందు ఎన్నాళ్లు ఇచ్చారు, బరువు ఎంత పెరిగింది, ఎవరు మధ్యలో మానేసి ఊరికి పోయారు, అన్నీ ఆమె చేతిమీదుగానే నడిచేవి. అధ్యక్షుడు దానం కింద ఒక కంప్యూటర్ ఇచ్చాక, రిజిస్టర్లలో ఉన్నదంతా రెండేళ్లు కూర్చుని అందులోకి ఎక్కించింది. ఆ పని ముగిసిన వారమే అధ్యక్షుడు పాత రిజిస్టర్లన్నిటినీ పాత కాగితాలు కొనే రద్దీవాడికి వేయించాడు. గోడకు ఆనించి కొత్త సోఫా వేయాలట.

పొద్దున్నే కీబోర్డును బోర్లించి తట్టడం ఆమెకు అలవాటు. పక్క షెడ్డు నుంచి వచ్చిన దూది నూగు రాలేది. పేర్లు టైపు చేస్తూ పైకి చదివేది. ఎందుకత్తా అంటే, "పేరు తప్పైతే మందు తప్పైతది పిల్లా" అనేది. ప్రతి శనివారం ఫైలు మొత్తం సీడీలో ఎక్కించి ఇంటికి తెచ్చుకునేది. ఎవరూ చెప్పిన పని కాదు. రిజిస్టర్లు పోయినప్పటి నుంచి ఆమెకు ఎవరిమీదా నమ్మకం లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక శనివారం ఆమె నుంచి ఫోన్. నేనప్పటికి కంప్యూటర్ కోర్సు చేసి కల్యాణ్‌లో ఉద్యోగంలో చేరాను.

"పిల్లా, ఫైలు సీడీల పడ్తలేదు. పోయిన శనివారం ఓ మూలకు పడ్డది. ఏడు దినాలల్ల గింత ఎట్ల బలిసింది?"

వచ్చే ఆదివారం వచ్చి చూస్తానన్నాను. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. ఈలోపు సోమవారం సాఫ్ట్‌వేర్ చేసిచ్చినవాడు వచ్చి, పాత రోగులు ఎక్కువై ఫైలు నిండిందని తేల్చేశాడు. చిన్నత్త వద్దంటున్నా అధ్యక్షుడు సరేనన్నాడు. మూడేళ్లకు ముందు చేరినవాళ్లందరినీ తుడిచేశారు. ఫైలు సైజు కొంచెం కూడా తగ్గలేదు.

గురువారం ఒక సాంచాల కార్మికుడు వచ్చాడు. రెండుసార్లు మందు మధ్యలో ఆపి కరీంనగర్ వైపు ఊరికి పోయినవాడు. ఇప్పుడు దగ్గులో రక్తం. ముందు ఏం వాడావని డాక్టరు అడిగాడు.

"ఎర్రగోలీలు సార్. సూదులు గూడ ఏసిన్రు. ఎన్ని దినాలో యాదికి లేదు."

పాత మందుల సంగతి తెలియకుండా కొత్తవి మొదలుపెట్టడం కుదరదు. కంప్యూటర్‌లో అతని పేరే లేదు. చిన్నత్త ఆటోలో ఇంటికి పోయి, అంతకు ముందు వారం సీడీ తెచ్చి, అతని కార్డు తెరిచి, ఒక్కొక్క నెలా డాక్టరుకు చదివి వినిపించింది. తర్వాత నాకు ఫోన్ చేసింది. "గీ ఆదివారం రాకుంటె నీతోని మాట్లాడ."

వెళ్లాను. ఆదివారం మధ్యాహ్నం, దవాఖాన మూసి ఉంది. రోగులను తుడిచినా సైజు ఎందుకు తగ్గలేదో ముందు చెప్పాను. ఈ రకం ఫైలులో పేర్లు కొట్టేసినా వాటి చోటు అట్లాగే పట్టుకుని ఉంటుంది. దాన్ని వేరుగా కుదించాలి. కాపీ తీసి కుదించాం. తగ్గింది గాని, సీడీలో పట్టేంత కాదు.

"అంటె రోగుల బరువు గంతే అన్నట్టు," అంది చిన్నత్త. "వీళ్లు కాదు బలిసింది. ఇంకెవలో."

మరో కాపీ తీసి, అందులోని పట్టికలను ఒక్కొక్కటే ఖాళీ ఫైలులోకి తెచ్చి, ప్రతిసారీ సైజు చూశాం. మందులది చిన్నది. బరువులది చిన్నది. రోగుల పట్టిక తేగానే కంప్యూటర్ గురగురలాడి చాలాసేపు ఆగిపోయింది. ఆ పట్టికలో అన్నిటికంటే చివర, మాకు తెలియని ఒక నిలువు వరుస ఉంది. ప్రతి రోగికీ అందులో ఏదో బొమ్మ ఉన్నట్టు రాసి ఉంది. మొదటి రోగిది నొక్కాను. అధ్యక్షుడు. తలపాగా, బొట్టు, నవ్వు.

ట్రస్టు వార్షికోత్సవానికని, ఫైలు బలిసిన ఆ వారంలోనే రోగుల కార్డుల మీద ఆయన ఫోటో అచ్చేయడం మొదలుపెట్టిన సంగతి చిన్నత్తకు తెలుసు. ఫోటో ఒక్కచోట పెడితే అన్ని కార్డుల మీదా పడుతుంది. ఆ సాఫ్ట్‌వేర్ మనిషి మాత్రం ఏమాత్రం కుదించని పెద్ద బొమ్మను ఒక్కొక్క రోగి లోపలా విడివిడిగా అతికించాడు. రెండో రోగిలో అధ్యక్షుడు. మూడో రోగిలో అధ్యక్షుడు. చిన్నత్త నా చేతిలోంచి మౌస్ తీసుకుని, తనకు తెలిసిన పేరొకటి వెతికింది. మందు పనిచేయక చనిపోయిన ఆరేళ్ల పాప. అక్కడా అదే నవ్వు.

"థూ," అంది. లేచి పెరట్లోకి పోయి, సబ్బు పెట్టి చేతులు కడుక్కుని వచ్చింది. "పీకెయ్ గా మొకాన్ని."

ఆ వరుస మొత్తం తీసేసి మళ్లీ కుదించాం. ఫైలు సీడీలో మూలకు వచ్చి పడింది. పాత సీడీ నుంచి తుడిచేసినవాళ్లందరినీ వెనక్కి తెచ్చాం. పేరు పేరునా సరిచూసి గాని ఆమె లేవలేదు.

మరునాడు సెలవు పెట్టి నేనూ వెంట వెళ్లాను. అధ్యక్షుడు డాక్టరు గదిలోనే నిలదీశాడు.

"నా ఫోటో ఎవలనడిగి తీసినవ్?"

"మీరు ఎవలనడిగి పెట్టిన్రు సేఠ్? సచ్చిపోయిన పోరి కార్డుల గూడ నవ్వుకుంట కూసున్నరు. మీకోసం బతికున్నోని పేరు తుడిచిన్రు."

"కంప్యూటర్ నేను ఇచ్చిన్నమ్మా!"

"కంప్యూటరే ఇచ్చిన్రు. వాళ్ల రోగం మీరియ్యలే."

డాక్టరు బల్లమీద కాగితాలు సర్దుతూనే ఉన్నాడు. చివరికి, ఫైలు ఇట్లాగే ఉండనివ్వండి, నాకు పనికొస్తోంది, అన్నాడు. అంతకు మించి ఒక్క మాట ఆమె తరఫున అనలేదు. అధ్యక్షుడి మీద ఎంత అసహ్యమో ఆ వంచిన తల మీదా నాకు అంతే అసహ్యం. ఫైలు అట్లాగే ఉండిపోయింది. ఊరి నుంచి వచ్చిన ఆ కార్మికుడికి సరైన మందు మొదలైంది. ఏడాదిన్నర వాడి బయటపడ్డాడు. చిన్నత్తను మాత్రం ఆ వారంలోనే కంప్యూటర్ దగ్గరి నుంచి లేపి, రోగులు పరీక్షకిచ్చే తెమడ డబ్బాలు తీసుకునే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. తనంతట తానే మానేసి పోతుందనుకున్నారు. ఆమె పదవీ విరమణ దాకా అక్కడే కూర్చుంది.

ఒక వానాకాలం పొద్దున ఆమెను చూడటానికి వెళ్లాను. వరుసలో దగ్గులు, కాండ్రింపులు. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగాను. నూలు కండెలు చుట్టే ముసలామె ఒకామె తన డబ్బాను చీర చాటున దాచుకుని, కిటికీ దాకా వచ్చి ఆగిపోయింది.

"సిగ్గెందుకే అవ్వా, ఇటియ్యి," అంది చిన్నత్త.

రెండు చేతులతో అందుకుంది. మూత బిగించి, వెలుతురుకు ఎత్తి చూసింది. "సరిపోతది. మంచిగ తీసినవ్." చీటీ మీద పేరు రాసి డబ్బాకు అంటించింది. చెమ్మగాలికి సిరా ఆరలేదు. చిన్నత్త వంగి ఆ పేరు మీద మెల్లగా ఊదుతూ ఉంటే, ముసలామె కిటికీ ఊచలు పట్టుకుని, వానలో తడుస్తూ, అట్లాగే చూస్తూ నిలబడింది.