బొంబాయి నుంచి రెండు గంటలు

మొన్న తిరువళ్ళూరు గ్రంథాలయంలో పత్రిక తిరగేస్తుంటే, ముంబయి నుంచి చెన్నైకి విమానంలో రెండు గంటల లోపే పడుతుందని ఒక మూల చిన్న అచ్చులో కనిపించింది. చదివి పేజీ తిప్పలేక, కళ్ళద్దాలు తీసేశాను.

ఆ సంగతి నాకు డెబ్బైల చివరలోనే తెలుసు. పదో తరగతితో చదువాగి తిరువళ్ళూరు బియ్యం మండీలో పనికి కుదిరినా, సాయంత్రాలు ఆ గ్రంథాలయంలోనే గడిపేవాణ్ణి. పెద్ద అట్లాసులో ఊళ్ళ మధ్య దారం పరిచి, బొంబాయి మద్రాసుకు వెయ్యి కిలోమీటర్ల పైచిలుకని, విమానానికి రెండు గంటలని లెక్కగట్టి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాణ్ణి. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అలాంటివి తెలిసినవాడికి అప్పట్లో ఊళ్ళో ఒక మర్యాద ఉండేది.

తిరుత్తణి దగ్గర మా ఇంట్లో, ఒక ఎండాకాలం తెల్లవారుజామున అమ్మ పోయింది. ఆమెకు తోడబుట్టినవాడు ఒక్కడే, బొంబాయి మిల్లులో పనిచేసే మామ. ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పాకే ఎత్తాలన్నది మావాళ్ళ ఆచారం. నాన్న పోస్టాఫీసు నుంచి ట్రంకాల్ చేస్తే, విమానంలో వస్తున్నానని, అంతదాకా అక్కను ఎత్తవద్దని మామ ఏడ్చాడట.

అరుగు మీది పెద్దలు నా వైపు తిరిగారు. రెండు గంటలని చెప్పాను.

"రెండు గంటలా? అరక్కోణంలో బండి మారేదానికే అంతసేపు పడతాదే," అన్నాడు పెదనాన్న.

"మనోడు బుక్కులో సూసి చెప్తా ఉండాడు బావా. ఇంగ నీళ్ళు పోసేయండి, వచ్చేసరికి అంతా రెడీగా ఉండల్ల," అన్నాడు అమ్మకు వరసకు తమ్ముడయ్యే కడంబత్తూరు ఆయన.

మామూలుగా పుట్టింటివాళ్ళు గడప తొక్కాకే శవానికి స్నానం చేయిస్తారు, ఎందుకంటే నీళ్ళు పోశాక ఇంట్లో ఎక్కువసేపు ఉంచకూడదు. ఆ రోజు విమానాన్ని నమ్ముకుని మధ్యాహ్నానికే పోసేశారు. ఆ తరువాత ప్రతి బండి కూతకూ స్టేషను దారి చూడడమే. శవం లేచేదాకా వండకూడదని వీధిలో ఒక్క పొయ్యీ వెలగలేదు, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు, ఎండకు అమ్మ ముఖం మారిపోతోంది. పొద్దు వాలుతుండగా పెదనాన్న లేచి, నాన్న ముఖం చూడకుండా, "ఇంగ తాళదప్పా," అన్నాడు. బజారులో కొన్న చీరను కడంబత్తూరు ఆయనే కప్పాడు. ఎత్తేశారు.

మామ మరునాడు ఉదయం బండికి దిగాడు. పగటి విమానంలో చోటు దొరక్క రాత్రిది ఎక్కాడట. మీనంబాకం విమానాశ్రయం నుంచి సెంట్రలు స్టేషనుకు చేరేసరికి మావైపు ఆఖరి బండి వెళ్ళిపోయిందట. చంకలో మడత విప్పని ఆకుపచ్చ చీర. ఇళ్ళ మీద వంట పొగ చూసి వాకిట్లోనే ఆగిపోయాడు. ఎవరినీ తిట్టలేదు.

"రెండు గంటలే పట్టింది అల్లుడా," అన్నాడు నాతో. తరువాత నాన్న వైపు తిరిగి, "దీన్ని యాడ పెట్టేది బావా?" అన్నాడు.

నాన్న వీధిలోకి నడిచాడు. మామను శ్మశానానికి తీసుకెళ్ళాం. బూడిద మీద చీర పరచబోతే, ఇంకా నిప్పుంది, అంటుకుంటుందని కాటికాపరి ఆపాడు. అది చల్లారేదాకా మామ ఎండలో చీర పట్టుకుని నిలబడ్డాడు.

ఇప్పుడు మావైపు ఎవరు పోయినా చల్లటి గాజుపెట్టె వస్తుంది. ఎవరి కోసమైనా, ఎన్నాళ్ళైనా ఆగవచ్చు. పోయిన నెల మా బంధువుల్లో ఒకావిడను అలాగే రెండు రోజులు ఉంచారు. రైల్లో గంట దూరంలోనే, తిరునిన్రవూరులో ఉండే తమ్ముడు, ఆఫీసులో సెలవు లేదని, చీర ఎవరి చేతనో పంపించాడు. ఆవిడ కూతురు దాన్ని తల్లికి కప్పి, మేనమామ ఎందుకు రాలేదని ఒక్కమాటైనా అడగకుండా, వచ్చినవాళ్ళకు కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.