కూరకు జరం

మున్సిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టర్ అనంతయ్యకు ఉన్న జబ్బు ఒక్కటే. కంటికి కనిపించిన ప్రతిదానికీ థర్మామీటర్ గుచ్చుతాడు. జేబులో పెన్ను మరిచిపోతాడేమో గానీ, ఆ పొడుగు సూది థర్మామీటర్ మాత్రం చొక్కా మారినా మారదు.

వనపర్తిలో ఎవరి పెళ్లికి పోయినా ఆయన ముందు పలకరించేది బగారన్నాన్నే. గుచ్చి, కళ్లద్దాలు సవరించుకుని, "అరవై రెండు. జర మూత పెట్టుండ్రి" అంటాడు. ఒకసారి అక్షింతలు వేయడానికి దగ్గరికి వస్తే పెళ్లికొడుకు బెదిరిపోయి, "నాకు బాగనే ఉంది సార్!" అన్నాడట. ఇంట్లో ఆయన భార్య మణెమ్మ పాలు తోడేసి, గిన్నెను బియ్యం డబ్బాలో దాస్తుంది. గుచ్చితే పెరుగు తోడుకోదని ఆమె పోరు.

గోపాల్‌పేట రోడ్డులో కొత్త సూపర్‌మార్కెట్ వచ్చి, అందులో మాంసం కౌంటర్ పెట్టాక ఆయనకు రోజూ పండగే. కౌంటర్ చూసుకునే హెప్సిబాకు మాత్రం ఆయన బండి చప్పుడు వినబడితే గుండె దడ. ఉద్యోగం వచ్చి రెండు నెలలే అయింది. బిడ్డకు జీతం వస్తుందన్న ధైర్యంతోనే తల్లి బాలమ్మ ఈసారి బొంబాయి కూలి పనికి పిలిచిన మేస్త్రీకి రానని చెప్పేసింది.

"ఏం బిడ్డా, మీ కూరకు జరమొచ్చిందా ఏంది?"

రోజూ ఇదే ప్రశ్న. పాలమూరు వైపు కూర అంటే మాంసమే. హెప్సిబా అద్దం జరిపేది, సూది దిగేది. "నాలుగు. ఐదు దాటనియ్యకు" అని వెళ్లిపోయేవాడు.

ఆ సోమవారం సూది పదకొండు చూపించింది.

"ఫ్రిజ్ మీద నాలుగే ఉంది కదండీ!" అన్నాడు మేనేజర్ శ్రవణ్ కుమార్. గుంటూరు నుంచి కొత్తగా వచ్చినవాడు.

అనంతయ్య అతని వైపు చూడనే లేదు. "ఎప్పటిసంది గిట్లుంది బిడ్డా?"

మేనేజర్ కళ్లతోనే వద్దన్నాడు. హెప్సిబా అది చూసింది. అయినా చెప్పేసింది. "పొద్దటిసంది సార్. సల్లగయితలేదు. మేనేజర్ సార్‌కు అప్పుడే చెప్పిన."

అనంతయ్య నోటితో అన్నట్టే కాగితం మీద పెడతాడు. 'ఫ్రిజ్ బాగయ్యేదాకా కూర అమ్మరాదు' అని నోటీసు మొదలుపెట్టి, ఇంకేదో రాసి, సంతకం చేసి వెళ్లాడు. శ్రవణ్ కుమార్ మొదటి వాక్యం చదివాడు. అరగంటలో టమాటాలు, బెండకాయలు, వంకాయల మీద టార్పాలిన్ కప్పించేశాడు.

"సార్, కూరంటే గవి కాదు, గిది" అని హెప్సిబా ఫ్రిజ్ చూపించింది.

"నాకు తెలుగు నేర్పుతావా? మా వైపు కూరలంటే ఇవే!"

హెప్సిబా ఫ్రిజ్‌కు తాళం వేసి నిలబడింది. ఒక్క తునక కూడా అమ్మలేదు.

సాయంత్రం అనంతయ్య వచ్చి, ఫ్రిజ్‌లోని మాంసమంతా పారేయించి, టార్పాలిన్ ఎత్తి చూశాడు. అలవాటు ఊరుకోనిస్తుందా, ఒక వంకాయకు గుచ్చాడు కూడా. "ముప్పై. ఏందయ్యా, వీటికేమైంది?"

కొనేవాళ్లంతా పడీపడీ నవ్వారు. శ్రవణ్ కుమార్ మొహం టమాటా అయింది. ఆ కోపం హెప్సిబా మీదకు మళ్లింది. "మాంసమే లేనప్పుడు మాంసం మనిషెందుకండీ? రేపట్నుంచి ఈ అమ్మాయి రానక్కర్లేదు."

హెప్సిబాకు మేస్త్రీ గుర్తొచ్చాడు, మూట కట్టుకుంటున్న అమ్మ గుర్తొచ్చింది.

"నోటీసుల కిందిది చదివినవా?" అన్నాడు అనంతయ్య.

శ్రవణ్ కుమార్ చదివాడు. 'అంతవరకు రోజుకు మూడుసార్లు సదరు ఫ్రిజ్ ఉష్ణోగ్రతను కౌంటర్ ఉద్యోగి హెప్సిబా స్వయంగా చూసి రాయవలెను.'

"ఖాళీ ఫ్రిజ్‌కి జ్వరం చూడ్డమేంటండీ!"

"ఖాళీగున్నప్పుడే సోకుతది" అన్నాడు అనంతయ్య, కళ్లద్దాలు సవరించుకుంటూ.

పదకొండు రోజులు హెప్సిబా ఖాళీ ఫ్రిజ్‌కు జ్వరం చూసింది. జీతం ఆగలేదు, బాలమ్మ బొంబాయి పోలేదు. పన్నెండో రోజు కొత్త ఫ్రిజ్ వచ్చింది. అనంతయ్య కోడి తొడలో సూది దింపి, "మూడు!" అని మనవడు పుట్టినంత సంబరపడ్డాడు.

హెప్సిబా రెండు చాయ్‌లు తెచ్చి, ఒకటి ఆయనకిచ్చి మెల్లగా అడిగింది. "సార్, మనిషి పేరు పెట్టి రాయాలని ఏ రూల్ల ఉంది?"

ఆయనకు వినబడనే లేదు. చేతిలో ఉన్న సూదిని ఆమె చాయ్‌లో ముంచాడు. "యాభై. సల్లారుతది. ముందుగాల తాగు బిడ్డా."

కోడి తొడలోంచి తీసిన సూదిని తుడిచాడో లేదో కూడా చూసుకోకుండా, హెప్సిబా ఆ చాయ్ గటగటా తాగేసింది.