రూతు మేడం గీసిన దారులు

మొన్న తెల్లవారుజామున మా చిన్నది ఉలిక్కిపడి లేచింది. పుట్టినప్పటి నుంచి అది లారీల చప్పుడులోనే నిద్రపోయింది. తిరువూరు దాటాక రోడ్డు మీదే మా ఇల్లు. ముందు భాగం హోటలు, వెనక రెండు గదుల్లో మేము. లారీ వెళ్లిన ప్రతిసారీ అలమరలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. ఆ వేళ గ్లాసులు కదల్లేదు. పిల్ల చప్పుడుకి కాదు, చప్పుడు లేక లేచింది. దాన్ని ఎత్తుకుని వాకిట్లోకి వచ్చాను. రోజూ ఆ వేళకి పది లారీలైనా ఆగి ఉండేవి. ఇప్పుడు ఒక్కటి లేదు. ఒక కుక్క నడిరోడ్డు మీద ఒళ్లు మరిచి పడుకుని ఉంది.

ముందు రోజే కొత్త రోడ్డు తెరిచారు. పొలాల మీదుగా, ఊళ్లేవీ తగలకుండా వేసిన రోడ్డు. అది వస్తుందని మాకు తెలియక కాదు. కానీ ఈ దారిలో హోటలు పెట్టుకున్న వాళ్లందరిదీ ఒకటే నమ్మకం: డ్రైవర్లు మనవాళ్లు, మన చేతి తిండికి అలవాటు పడినవాళ్లు, ఎక్కడికీ పోరు. ఏడేళ్లుగా మా దగ్గర టిఫిన్ చేస్తున్న బొగ్గు లారీ యాకూబ్‌కి ఫోన్ చేశాను. "కొత్త రోడ్డెక్కేశాం వదినా, గంట కలిసొచ్చింది. ఏమనుకోవద్దు. నీ అల్లం పచ్చడి మాత్రం యాదికొచ్చింది" అన్నాడు నవ్వుతూ. పచ్చడి గుర్తొచ్చింది, అయినా ఆగకుండా వెళ్లిపోయాడు. అప్పుడు నాకు రూతు మేడం గుర్తొచ్చారు.

డిగ్రీలో మాకు చరిత్ర చెప్పారావిడ. పొట్టిగా ఉండేవారు, గొంతు మాత్రం చివరి బెంచీ దాకా వినిపించేది. ఏ రాజ్యం గురించి చెప్పినా ముందు రాజు పేరు రాసేవారు కాదు. బోర్డు మీద నదులు గీసి, తీరం గీసి, సరుకు నడిచిన దారులు గీసి, ఆ తర్వాత సుద్దముక్క మాకే ఇచ్చేవారు. "ఇప్పుడు చెప్పండి, మీరే రాజైతే కోట ఎక్కడ కడతారు?" మేము ఎక్కడ చుక్క పెట్టినా దాదాపు అక్కడే ఒక రాజధాని ఉండేది. తర్వాత చేత్తో ఒక దారిని చెరిపేసి, "ఇప్పుడు ఈ కోటకి జీతాలెవరిస్తారు?" అని అడిగేవారు. ఒంటెల దారి మీద బతికిన నగరాలు, సరుకు ఓడలకి ఎక్కాక ఎలా ఇసుక పాలయ్యాయో ఆవిడ అలాగే చెప్పారు. ఒకసారి నేను, "మేడం, శాతవాహనుల్ని చివరికి ఎవరు ఓడించారు?" అని అడిగాను. "ఎప్పుడూ కొట్లాటే కావాలా అమ్మాయ్ నీకు? కత్తి తగిలితే రక్తం కనపడుద్ది. ఓడ రావడం మానేస్తే ఏం కనపడుద్ది?" అన్నారు.

రెండో ఏడు మమ్మల్ని బస్సులో ఘంటసాల తీసుకెళ్లారు. ఒకప్పుడు దూరదేశాల ఓడలతో కళకళలాడిన రేవు అని విని సముద్రం చూస్తామని సంబరంగా వెళ్లాం. దిగి చూస్తే చుట్టూ వరిచేలు. "మేడం, సముద్రం ఏది?" అంది నా పక్కనున్న పిల్ల దిగాలుగా. "దూరం జరిగింది. మనకి చెప్పి జరగలేదు" అన్నారావిడ. గట్టు మీద కూర్చుని పులిహోర పొట్లాలు విప్పాక, "రేవు పూడిపోతున్నప్పుడు ఇక్కడి వర్తకుడు ఏం చేసుంటాడు?" అని అడిగారు. "ఇంకో రేవుకి వెళ్లుంటాడు" అన్నాను. "నువ్వైతే వెళ్తావా? చాలామంది ఇంకో గోదాం కట్టుంటారు. ఓడ ఇవాళ రాకపోతే రేపొస్తుందనుకుంటారు. రేపు రాకపోతే గాలి మంచిది కాదనుకుంటారు." పరీక్షలో నేను ఈ మాటలే నా మాటల్లా రాసి క్లాసులో మొదటి మార్కు తెచ్చుకున్నాను.

రిటైరయ్యాక కూడా మేడం ఎప్పుడైనా మా హోటలుకి వచ్చేవారు. కొత్త రోడ్డుకి సర్వే రాళ్లు పాతిన రోజుల్లో ఒక మధ్యాహ్నం పెసరట్టు తింటూ మా ఆయన్ని అడిగారు: "రాళ్లు ఎక్కడిదాకా వచ్చినయ్ బాబూ?"

"ఎక్కడో పొలాల్లోనండి. మన స్థలం ఒక్క గజం కూడా పోదు. అదృష్టం."

"పోతే డబ్బులన్నా ఇచ్చేవాళ్లు" అన్నారావిడ. ఆయన నవ్వాడు. నేనూ నవ్వి ఇంకో పెసరట్టు వేశాను. మేడం నా వైపు చూసి, "నీకు మార్కులు ఎక్కువేశానే అమ్మాయ్" అన్నారు. దానికీ నవ్వాను. పోయిన ఏడాది ఆవిడ చనిపోయారు. సమాధి దగ్గర ఏడ్చానే కానీ, ఆ మాట ఎందుకన్నారో అప్పుడు కూడా ఆలోచించలేదు. రెండు వేల ఏళ్ల కిందటి వర్తకుడి తప్పు పేజీల కొద్దీ రాసినదాన్ని, నా వాకిలి ముందు జరుగుతున్నది చూడలేకపోయాను. మొన్నటి నుంచి నన్ను నిలవనివ్వనిది ఇదే.

మొన్న మధ్యాహ్నం మా ఆయన ఒక నిర్ణయంతో వచ్చాడు. రెడ్డిగూడెంలో మామయ్యగారు ఇచ్చిపోయిన మామిడి తోట అమ్మేసి, హోటలుకి ఏసీ గది కట్టించి, పెద్ద లైట్ల బోర్డు పెడతాడట. మాకున్న ఆస్తి ఆ తోట ఒక్కటే.

"ఇంకో గోదాం కడతారన్నమాట" అన్నాను.

"గోదామేంటి?"

మేడం చెప్పిందంతా చెప్పాను. "మీ మేడం ఎన్ని హోటళ్లు నడిపింది?" అన్నాడు. కోపంగా అనలేదు, భయంగా అన్నాడు. పిల్లల్ని పక్కింట్లో ఉంచి, బండి తీయమన్నాను. కొత్త రోడ్డు మీదుగా వేసిన వంతెన ఎక్కి పిట్టగోడ దగ్గర నిలబడ్డాం. కింద లారీలు ఒకదాని వెనక ఒకటి, ఎక్కడా బ్రేకు వేయకుండా పోతున్నాయి. సగం బళ్లు మాకు తెలిసినవే. వాటి డ్రైవర్లకి ఎవరికి కారం తక్కువ కావాలో, ఎవరు టీలో చక్కెర వద్దంటారో ఆయనకి తెలుసు. పేర్లు పెట్టి ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టి, అయిదారు చెప్పాక ఆపేశాడు. "ఒక్కడూ పైకి చూడట్లేదు" అన్నాడు. ఆయన ముఖం అంత తెల్లబోవడం మా పెళ్లయ్యాక ఎప్పుడూ చూడలేదు. బండి వైపు తిరిగి, "తోట ఉండనీ" అన్నాడు.

ఇది రాస్తుంటే పిల్లలిద్దరూ పక్కనే నిద్రపోతున్నారు. నాకు మాత్రం కన్ను మూత పడటం లేదు. హోటలు మూసి ఇంకోచోట మొదలుపెట్టాలనుకున్నాం కానీ, అక్కడ ఏమవుతుందో తెలియదు. మేడం కూడా దారి మారుతుందని చెప్పారే తప్ప, మారినచోట అందరూ బతుకుతారని ఎప్పుడూ చెప్పలేదు. నిన్న ఉదయం పెద్దది బడికి వెళ్తూ ఖాళీ బల్లలు చూసి, "లారీలు రేపొస్తాయా అమ్మా?" అని అడిగింది. అవునని చెప్పబోయి ఆగాను. చెల్లిని చంకనెత్తుకుని దాని ముందు కూర్చుని చెప్పాను:

"రావమ్మా. మన మీద కోపమొచ్చి కాదు, మన వంట బాగోక కాదు. వాళ్లకి దగ్గర దారి దొరికింది. మనం ఈ హోటలు మూసేసి, కొత్త రోడ్డు దిగేచోట చిన్న టిఫిన్ బండి పెడుతున్నాం. అక్కడ కూడా ఎప్పుడో ఒకరోజు లారీలు తగ్గుతాయి. అప్పుడు నేను రేపొస్తాయిలే అంటే నా మాట నమ్మొద్దు. నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, లారీలు పోతున్న దారి చూపించు."