పారేయడానికేమీ లేని ఇల్లు

నేను ఏడో తరగతిలో ఉండగా మా క్రాఫ్టు టీచరు ఒక ప్రదర్శన పెట్టించింది. పారేసే వస్తువులతో పనికొచ్చేవి చేసి తేవాలి, బాగున్నదానికి బహుమతి. అవి డెబ్బైల నాళ్లు. నాన్నగారి ప్రభుత్వోద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి, కొత్తగూడలో ఒక పెంకుటింట్లో సగం వాటా అద్దెకు తీసుకున్నాం. మిగతా సగంలో ఇంటామె ఉండేది. దొడ్లో ఆమె బర్రెలు. ఆమెను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని.

ఆ సాయంత్రం ఇల్లంతా వెతికాను. పారేసేది ఒక్కటీ దొరకలేదు. బియ్యం కడిగిన నీళ్లూ కూరగాయల తొక్కలూ బర్రెల కుడితిలోకి పోతాయి. చింతపండు పిప్పితో అమ్మ ఇత్తడి బిందెలు తోముతుంది. నాన్నగారి పంచె చిరిగితే దిండు గలేబు, అదీ చిరిగితే మసిగుడ్డ. టీచరు అడిగిన చెత్త మా ఇంట్లో లేదని నాకు ఏడుపొచ్చింది.

పెద్దమ్మ విని నవ్వింది.

"గిదానికే ఏడుస్తవా బిడ్డా? నా తాన పాత చీరలున్నయి. మీ అమ్మను పాత అంగీలు గిట్ల ఉంటే తెమ్మను. బొంత కుడదాం."

మధ్యాహ్నాలు అమ్మా పెద్దమ్మా వాకిట్లో కూర్చుని పది రోజులు కుట్టారు. దారం కూడా కొనలేదు, చీర అంచుల్లోంచి లాగారు. నాకు పొట్టిదైపోయిన ఎర్ర పరికిణీ చుట్టూ అంచుగా అమిరింది. బొంతను మడిచి నెత్తిన పెట్టుకుని గర్వంగా బడికి నడిచాను.

బహుమతి ఒక అగ్గిపెట్టెల మేడకు వచ్చింది. చూడముచ్చటగా ఉంది, కాదనను. అన్ని ఖాళీ పెట్టెలు ఎక్కడ దొరికాయని దాన్ని తెచ్చిన అమ్మాయినే అడిగాను.

"ఖాళీవి కాదు, కొత్తవే. పుల్లలన్నీ పెరట్లో పారబోశాం" అంది, దాచాల్సిందేమీ లేనట్టు.

నా బొంతను బల్లమీద పెట్టనే లేదు. "ఇళ్లల్లో వాడుకునేవి ఎవరు చూస్తారమ్మా? తర్వాత తీసుకుపో" అని టీచరు పక్కన పడేయించింది.

ఇంటికొచ్చి చెప్పాను. పెద్దమ్మకు బహుమతి సంగతి పట్టలేదు. "పుల్లలు పారబోసిన్రా?" అని రెండుసార్లు అడిగింది. మర్నాడు బొంత తేవడానికి నాతోపాటు తనూ బయల్దేరింది.

"పోనివ్వండి అక్కయ్యగారూ, బడివాళ్లతో మనకెందుకు" అంది అమ్మ.

"నేనేం లొల్లి చెయ్య. మన బొంత మనం తెచ్చుకుంటం, అంతే."

మేం వెళ్లేసరికి బొంత ప్రదర్శన గది గుమ్మంలో పరిచి ఉంది. రాత్రి వాన పడింది. చూడ్డానికి వచ్చినవాళ్లు దానిమీద బురద కాళ్లు తుడుచుకుని లోపలికి పోతున్నారు. మా ఎర్ర అంచు కనబడటం లేదు.

పెద్దమ్మ వంగి దాన్ని ఎత్తింది. లోపలున్న టీచరు ముందు నిలబడి, గొంతు పెంచకుండా అడిగింది.

"టీచరమ్మా, దీన్ని గీడ ఎవరు పరిచిన్రు?"

"నేనే పరవమన్నాను. పాత గుడ్డలే కదా."

"గలీజ్ చేసిన్రు. ఉతికియ్యున్రి."

టీచరు బంట్రోతును పిలిచింది. పెద్దమ్మ అతన్ని ఆపింది. "నువ్వాగు నాయనా. పరవమన్నోళ్లే ఉతుకుతరు."

ఆమె గుమ్మంలోంచి కదల్లేదు. పిల్లలం పోగయ్యాం. చివరికి టీచరు కొంగు దోపుకుని బావిదగ్గరికి నడిచింది. తడిసిన బొంత ఒక్క మనిషికి లేవదు. పెద్దమ్మ ఒక కొస పట్టింది, టీచరు రెండోది, ఇద్దరూ కలిసి పిండారు.

ఆ ఏడాది క్రాఫ్టులో తరగతి మొత్తంమీద నాకే తక్కువ మార్కులు. టీచరుకు అంతమందిలో అవమానం జరిగిందని, పెద్దయ్యాక కొందరు నాతో అన్నారు. కావచ్చు. నాకు మాత్రం ఇప్పటికీ జాలి కలగదు. ఎవరో పెరట్లో పారబోసిన పుల్లలతో మా రెండు పొయ్యిలూ ఏడాదిపాటు వెలిగేవి. వాళ్లకు బహుమతి ఇచ్చి, మా అమ్మా పెద్దమ్మా పది మధ్యాహ్నాలు చేసిన పనిని ఆవిడ అందరి కాళ్లకింద వేయించింది.