మూతకు చుట్టిన నూలు

మా ఆయన ఏ వస్తువు ఇప్పినా, తిరిగి బిగించాక ఒక నట్టు మిగిలేది. సిరిసిల్లలో పవర్‌లూమ్‌ల మీద పనిచేసే చేతులు, ఊరికే ఉండవు. మిక్సీ, ఫ్యాను, పక్కింటివాళ్ల కుట్టుమిషను, దేన్నీ వదిలేవాడు కాదు. "నట్టు మిగిలిందంటె కంపెనోడు ఒకటి ఎక్కువ పెట్టిండన్నట్టు" అనేవాడు. నేను తిట్టేదాన్ని, ఆయన నవ్వేవాడు.

పోయిన వానాకాలం మా మోపెడ్ ట్యాంకులోకి వాన నీళ్లు దిగాయి. మెకానిక్‌కు చూపించమంటే వింటేగా! దగ్గుకుంటూనే ఇంజను మొత్తం ఇప్పి, వాకిట్లో పాత లుంగీ మీద పరిచాడు. కడిగి, తుడిచి, మళ్లీ బిగించాడు. ఆ ఒక్కసారి నట్టు మిగల్లేదు. ఖాళీ లుంగీ దులిపి మరీ నాకు చూపించాడు.

అప్పటి నుంచి బండికి కొత్త రోగం పట్టుకుంది. నేను లుంగీలు, టవళ్లు అమ్మడానికి కోరుట్ల అంగడికి పోతాను. ఆయనే తీసుకెళ్లేవాడు. వేములవాడలో పెట్రోలు పోయించుకుని బయల్దేరితే, రుద్రంగి దాటాక చింతచెట్టు దగ్గరికి వచ్చేసరికి ఇంజను ఆగిపోయేది. ఆయన దిగి, ట్యాంకు మూత తీసి లోపలికి తొంగిచూసి, మూత పెట్టి, బండిని అటూ ఇటూ ఊపి కిక్కు కొట్టేవాడు. స్టార్టయ్యేది. "ఊపితె పెట్రోలు దిగుతది, గంతే" అనేవాడు గొప్పగా. ఎటూ ఆగాం కదా అని చెట్టు కింద సద్ది విప్పేదాన్ని, తిట్లు కూడా విప్పేదాన్ని. "ఇంట్ల ఎన్నడన్న గింత తీరుబడిగ కూసున్నమానే?" అనేవాడు. నిజమే, ఎన్నడూ కూర్చోలేదు.

చలికాలంలో దమ్ము ఎక్కువై ఆయన పోయాడు. ఏళ్ల తరబడి మింగిన నూలు దుమ్ము ఛాతీలో చేరిందన్నారు. ఊపిరి కోసం ఆయన పడిన అవస్థ పగవాళ్లకు కూడా వద్దు.

తర్వాత నేనే బండి తీశాను. అదే చోట ఆగింది. ఆయన ఊపినట్టే ఊపాను. ఉలకలేదు, పలకలేదు. చెట్టు కింద ఒక్కదాన్నే చాలాసేపు కూర్చున్నాక, దానికేం బుద్ధి పుట్టిందో, స్టార్టయింది. ప్రతి అంగడికీ ఇదే తంతు. "పాత సామానోనికి ఏసెయ్ వదినా" అన్నాడు మా మరిది. ఎట్లా వేస్తాను? ఆయన చేతులు ఆఖరిసారి బిగించిన ఇంజను అది. ఇంకొకరు దాన్ని ఇప్పుతారన్నా నాకు ఒళ్లు మండేది.

బేరాలు పోతుంటే ఇక తప్పక, కోరుట్లలో ఒక మెకానిక్ భాయ్ దగ్గరికి పోయాను. ఇంజను ఇప్పొద్దని ముందే చెప్పాను.

"చెయ్యి పట్టకుంట నాడి జూడమన్నట్టున్నది చెల్లె" అని నవ్వాడు. పెట్రోలు ఉందో లేదోనని మూత తిప్పాడు. స్స్‌మని గాలి లోపలికి గుంజుకుంది. భాయ్ నవ్వు ఆపి, మూత తిరగేసి చూశాడు. లోపల అంచు చుట్టూ నూలు. గంజి పట్టించి, మగ్గం కండెకు చుట్టినంత ఒద్దికగా చుట్టి ఉంది. మూత మధ్యలోని సన్నటి రంధ్రాన్ని కూడా అది కప్పేసింది.

"ఎవ్వలు కట్టిండ్రో గాని ఇంజన్ మంచిగ కట్టిండ్రు చెల్లె. వాన నీళ్లు దిగద్దని గీ బొర్ర మూసిండ్రు. పైకెల్లి గాలి పోతెనే కింద పెట్రోలు దిగుతది. టాంకీకి దమ్ము ఆడతలేదు."

దమ్ము. ఆసుపత్రిలో విని విని విసిగిన మాట. అక్కడే బండి పక్కన కూలబడి ఏడ్చాను. ఊపడం వల్ల కాదు, మూత తీసినందుకే స్టార్టయ్యేదని ఆయనకు తెలియనే లేదు. ఇంజను బాగా కట్టాడన్న మాట విని ఉంటే మా వాడకట్టంతా చెప్పుకుని తిరిగేవాడు.

భాయ్ బ్లేడు తీశాడు. "కొయ్యకు భాయ్" అన్నాను. నూలు చివర వేసింది తెగిన పోగును అతికే ముడి, నేనూ సాలెల ఇంటి ఆడబిడ్డనే. గోటితో విప్పి, నూలును కొంగున కట్టుకున్నాను.

తిరుగుదారిలో చింతచెట్టు వచ్చింది. సద్ది ఇంకా విప్పలేదు. బండి మెత్తగా, ఒక్క తీరుగా పోతూనే ఉంది. ఇన్నాళ్లూ ఎన్ని తిట్లు తిట్టానో, ఆ ఒక్కసారి ఆగితే బాగుండని మొక్కుకున్నాను. ఆగలేదు. ఆయనతో కూర్చున్న చోట కూర్చోవడానికి నాకు ఇక సాకు లేదు.