చెరకు లేని జట్టు

మా చోడవరం హైస్కూలు బాస్కెట్‌బాల్ ఆట గురించి ఎవరు మాట్లాడినా రెండే జట్లు చెబుతారు. మొదటిసారి షీల్డు తెచ్చిన జట్టు ఒకటి, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొన్నేళ్ళకు మళ్ళీ షీల్డు తెచ్చిన జట్టు ఒకటి. మధ్యలో రెండేళ్ళు బంతి గాలిపోయి మూలన పడి ఉందని అనుకుంటారు వినేవాళ్ళు. ఆ రెండేళ్ళూ ఆడింది మేము.

మొదటి జట్టు గొప్పదే. నేనెప్పుడూ కాదనలేదు. వడ్డాది వైపు నుంచీ కె.కోటపాడు వైపు నుంచీ వచ్చి చదువుకున్న రైతుబిడ్డలు వాళ్ళు. చెరకు నరికిన చేతులు. బండి చక్రాలకు పట్టాలు వేసే కమ్మరి వంచి ఇచ్చిన ఇనప చుట్టే మా రింగు. దానికి వల లేదు. వాళ్ళు విసిరిన బంతి దానికి తగిలి లోపల పడితే ఆ మోత రోడ్డు మీదికి వినబడేది. కింది తరగతిలో ఉన్న నేను గట్టు మీద కూర్చుని చూసేవాణ్ణి.

అనకాపల్లిలో స్కూళ్ళ పోటీలు అప్పట్లో దసరాకు ముందు జరిగేవి. నేను జట్టులోకి వచ్చిన ఏడు వాటిని పుష్యమాసానికి మార్చారు. పుష్యమంటే మా వైపు బెల్లం వంట. గానుగ ఆడుతున్నప్పుడు ఎద్దుల వెనక ఒకరు, పొయ్యిలో పిప్పి ఎగదోయడానికి ఒకరు, రసం కాగే పెనం దగ్గర ఒకరు ఉండాలి. చెరకున్న ఇంటి పిల్లలు ఆ రోజుల్లో బడికే రారు, ఇక బంతి దగ్గరికేం వస్తారు? డ్రిల్లు మాస్టారు చెరకు లేని ఇళ్ళు వెతికి ఐదుగురిని పోగుచేశారు. దర్జీ కొడుకు, మిషను బడి పంతులుగారబ్బాయి, కాఫీ హోటలాయన కొడుకులిద్దరు, కోర్టు గుమాస్తా కొడుకునైన నేను. ఆరోవాడు దొరకలేదు. ఎవరి కాలు బెణికినా కుంటుతూ వాడే ఆడాలి.

రెండేళ్ళూ మొదటి ఆటలోనే ఓడాం. తిరుగు బస్సులో మాస్టారు మా దగ్గర కూర్చోలేదు. ముందు సీట్లో కూర్చుని చోడవరం వచ్చేదాకా కండక్టరుకు మొదటి జట్టు గురించి చెప్పుకొచ్చారు.

మేము స్కూలు దాటగానే పోటీలు మళ్ళీ దసరా ముందుకు జరిగాయి. రైతుబిడ్డలు జట్టులోకి వచ్చారు, షీల్డూ వచ్చింది. దాన్ని ఇన్‌స్పెక్టరుగారి చేతుల మీదుగా ఇప్పించాలని మాఘంలో వార్షికోత్సవం పెట్టారు. తారీఖు ఆయన వీలు చూసి పెట్టారు గాని చెరకు వీలు ఎవరూ చూడలేదు. ఆ సాయంత్రం పాత జట్టుకూ కొత్త జట్టుకూ ఆట అన్నారు. పిలుపు మొదటి జట్టుకే వెళ్ళింది. మా ఐదుగురిలో ఒక్కరికీ కబురు లేదు.

నేను దర్జీ కొట్టుకు వెళ్ళాను. మా జట్టులో ఆడిన దర్జీ కొడుకు, నా స్నేహితుడు, కుట్టుమిషను తొక్కుతున్నాడు.

"పిలవని పేరంటానికి ఏటి యెల్తాంరా?" అన్నాడు.

"ఆళ్ళు ఆడిన రింగు కిందే మనమూ ఆడేం. మనం లెక్కలో ఉన్నామో నేదో తేలాల."

"నీకు అన్నీ తేలాల. కాఫీలో పంచదార తగ్గినా తేలాల."

"తగ్గితే తగ్గిందని సెప్పొద్దేటి?"

"సెప్పు బాబూ, సెప్పు. నాను నిక్కరు కుట్టుకుని వస్తాను. పాతది నడుం పట్టదు."

ఆ సాయంత్రం మాస్టారు రేకు గొట్టం నోటి దగ్గర పెట్టుకుని రెండు జట్లనూ పోల్చారు. మొదటివాళ్ళ గురి, ఇప్పటివాళ్ళ పరుగు. అప్పటి పొడుగువాడు, ఇప్పటి పొడుగువాడు. మా ఊసు రాలేదు. తర్వాత పాత జట్టును పిలిచారు. ఎవరూ లేవలేదు. వస్తామని అందరూ మాట ఇచ్చినవాళ్ళే, కాని పొయ్యి మీద పెనం వదిలి ఎవరొస్తారు? కొత్త జట్టు పిల్లల్ని మాత్రం హెడ్మాస్టరుగారు ఇంటింటికీ ప్యూనును పంపి ఆ ఒక్క పూటకు అడిగి తెచ్చుకున్నారు.

మేము ఐదుగురం తాడు దాటి లోపలికి వెళ్ళాం.

"మీరేటిరా?" అన్నారు మాస్టారు.

"మాకు చెరకు నేదు కదండీ. వచ్చేం," అన్నాను.

జనం నవ్వారు. మాస్టారు ఇన్‌స్పెక్టరుగారి వైపు చూసి, "సరే, దిగండి," అన్నారు.

షీల్డు తెచ్చిన ఆ జట్టు మీద సగం ఆట దాకా మేమే ముందున్నాం. చివర్లో మాకు ఊపిరి అందక కొద్దిలో ఓడాం. ఇన్‌స్పెక్టరుగారు దగ్గరికొచ్చి, "మొదటి షీల్డు తెచ్చింది మీరేనా?" అని అడిగారు. హోటలాయన పెద్దకొడుకు, "అవునండీ," అన్నాడు. "కాదండి, మేము ఆ తర్వాతి జట్టు," అన్నాను నేను. మాస్టారు మధ్యలో దూరి ఆయన్ను టీకి తీసుకుపోయారు.

ఆయన్ను కారెక్కించి మాస్టారు తిరిగొచ్చేదాకా నేను గేటు దగ్గరే నిలబడ్డాను.

"బాగా ఆడేర్రా," అన్నారు మాస్టారు.

"గొట్టంలో సెప్పండి మాస్టారూ."

"ఇప్పుడేటిరా? జనం యెల్లిపోయేరు కదా."

"ఉన్నోళ్ళకే సెప్పండి."

మైదానంలో తివాచీలు చుడుతున్న ఇద్దరు మనుషులు, బెంచీలు మోస్తున్న ప్యూను, కొత్త నిక్కరు కుట్లు ఊడి గోడకు ఆనుకుని కదలకుండా నిలబడ్డ నా స్నేహితుడు, అంతే. మాస్టారు గొట్టం ఎత్తారు.

"ఈ రెండు టీములకీ మధ్యన ఇంకో టీముంది. చెరకు రోజుల్లో స్కూలు పరువు కోసం ఈ ఐదుగురూ ఆడేరు. ఓడేరు గానీ ఆడేరు."

"ఎవులికి సెప్తన్నారు బాబూ?" అని ప్యూను బెంచీ దించి అడిగాడు.

"నీకేరా," అన్నారు మాస్టారు.

చెప్పారు. చెప్పలేదని నేను అనను. ఇన్‌స్పెక్టరు ఉండగా చెప్పాల్సింది. ఆ "ఓడేరు గానీ" మాత్రం చెప్పమని నేను అడగలేదు.