తూకానికి ముందు తాగిన నీళ్లు

ఉదయం ఐదూ పదికి మా నాన్న నా చేతిలో మొదటి చెంబు పెట్టాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో తూకం అంటే మిరపకాయల తూకమే. ఎండిన కాయను అలాగే గోతంలో తొక్కితే పొడైపోతుందని ముందు నీళ్లు చిలకరించి, పట్టా కప్పి, మెత్తబడ్డాక తొక్కేవాళ్లు. (ఆ నీళ్లు బరువులో కాస్త కలుస్తాయి. శావల్యాపురం చుట్టుపక్కల అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ పైకి అనరు.) ఆ ఉదయం తూకం మాత్రం నాది. పోలీసు కానిస్టేబుల్ రాతపరీక్ష గట్టెక్కాను. ఆడపిల్లలు కనీసం నలభై కిలోలుండాలి. నేను ముప్పై ఎనిమిదిన్నర. పుస్తకాల సంచీతో కలిపి తూస్తే నెగ్గేదాన్ని.

"తాగమ్మా. కాయకు లేని బాధ నీకేంది?" అన్నాడు నాన్న.

"కడుపు పగిలేట్టుంది నాన్నా."

"కాటా దిగినాక ఎక్కడికైనా పో. అప్పటిదాకా బిగబట్టు."

వంటింట్లోంచి అమ్మ అరిచింది. "ఏమయ్యా, అది పిల్లా, బానా?"

"నువ్వుండవే. లీటరంటే కిలో. అంతే లెక్క."

ఆ లెక్క నాకూ నచ్చింది. ఇంట్లో రెండు లీటర్లు, నర్సరావుపేటలో మైదానం గేటు దగ్గర వరుసలో నిలబడి మరో మూడు తాగాను. పొద్దుటినుంచి మెతుకు ముట్టలేదు. (అన్నం తింటే నీళ్లకు చోటుండదనేది కూడా నాన్న లెక్కే.) కాటా ఎక్కితే నలభై మూడు చూపించింది. మైదానానికి అడ్డంగా కట్టిన తాడు అవతల నాన్న మీసం తడుముకోవడం కనిపించింది. కాటా దగ్గరున్న ఆయన రాసుకుంటూ, "పేరు చెప్పమ్మా" అన్నాడు. నేను ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. తలను లోపలినుంచి ఎవరో నెడుతున్నట్టు నొప్పి. చివరికి మా మేకపిల్ల పేరు చెప్పాను. ఆ తర్వాత పరుగు. ఈల వేయగానే అందరూ ముందుకు ఉరికారు, నేను ఎడమవైపు టీకొట్టు మీదికి ఉరికాను. అక్కడే వాంతి చేసుకుని పడిపోయానట. నాన్న తాడు దూకి వచ్చి నన్ను భుజాన వేసుకున్నాడట. ఈ ముక్కలు తర్వాత విన్నవే, నాకు గుర్తు లేవు.

కళ్లు తెరిచేసరికి ఆసుపత్రిలో చేతికి సెలైన్ ఉంది. నాన్న డాక్టరుతో తగువు పడుతున్నాడు.

"నీళ్లెక్కువైనయ్యంటిరి. మళ్లీ నీళ్లే ఎక్కిస్తన్నారేందయ్యా?"

"అవి ఉప్పునీళ్లు పెద్దాయనా. అంత నీళ్లు ఒక్కసారిగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడుద్ది. అప్పుడు నీళ్లు ఒంట్లో ప్రతి కణంలోకీ దూరతాయి. కణాలు ఉబ్బుతాయి. చెయ్యో కాలో ఉబ్బితే చోటుంటది. మెదడు ఉబ్బితే చుట్టూ పుర్రె."

"అంటే కుట్టేసిన గోతంలో కాయ ఉబ్బినట్టా?"

"అట్టాగే అనుకో."

"కాయైతే గోతం పగులుద్ది."

"ఇక్కడ గోతం పగలదు, పిల్ల ప్రాణం పోద్ది. ఇంకో గంట ఆలస్యమైతే నేనేమీ చెప్పగలిగేవాణ్ని కాదు."

నాన్న గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. ఆ రోజంతా ఆయన చుక్క నీళ్లు ముట్టలేదని తర్వాత అమ్మ చెప్పింది.

ఆ విడత ఉద్యోగం చేజారింది. నాన్న పద్ధతి మార్చాడు. రోజూ రెండు గుడ్లు, చెయ్యి నిండా వేరుశనగలు, నెలకొకసారి కాయలు తూచే కాటా మీద నేను. రెండేళ్లకు నలభై మూడు కిలోల సొంత బరువుతో ఉద్యోగం తెచ్చుకున్నాను. యూనిఫాంలో మొదటిసారి ఇంటికి వెళ్లిన రోజు ఆయన ఎగాదిగా చూసి, "బూట్లిప్పి ఎక్కు. దొంగ తూకం నాకొద్దు" అన్నాడు. (చెప్పింది ఎవరో చూడండి.) పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక, అరవై కిలోలు దాటాక కూడా వదల్లేదు. "చాల్లే నాన్నా, సిగ్గుగా ఉంది" అంటే, "ఉండవే, ముల్లు ఆగనీ" అనేవాడు.

నిరుడు ఎండాకాలంలో పోయాడు. కిలోన్నర కోసం ఆయన్ను అంతగా నమ్మి చెంబు మీద చెంబు ఎత్తిన ఆ పిల్ల గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. పుట్టింటికి వెళ్తూనే ఉన్నాను. ఇప్పుడు నన్నెవరూ తూచడం లేదు.